ఒకే సీను, ఆరు పద్ధతులు: ఇంట్లో నటన సాధన చేయడం ఎలా

"మెథడ్ యాక్టింగ్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చా?" "స్టానిస్లావ్‌స్కీ పద్ధతి మంచిదా, మైస్నర్ పద్ధతి మంచిదా?" షార్ట్ ఫిల్ములు చేసే కుర్రాళ్లు అడిగేదీ ఇదే, పరిషత్ నాటకాలు ఆడేవాళ్లు అడిగేదీ ఇదే. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. గత నూట పాతికేళ్లలో పుట్టిన నటనా పద్ధతుల్లో ప్రతిదీ, అంతకుముందు నటుల్లో కనబడిన ఏదో ఒక లోపాన్ని సరిచేయడానికే పుట్టింది. కాబట్టి "ఏది గొప్పది" అన్న చర్చ వల్ల లాభం లేదు. మీ లోపం ఏమిటో తెలిస్తే మీకు పనికొచ్చే పద్ధతి ఏదో తెలిసిపోతుంది. అది తెలుసుకోవాలంటే ఒక చిన్న సీను తీసుకుని దాన్నే అన్ని పద్ధతుల్లోనూ చేసి చూడాలి.

కావలసినవి

- తోడుగా ఒకరు. నటులే కానక్కర్లేదు, నవ్వులాటగా తీసుకోకుండా గంటసేపు కూర్చోగలిగితే చాలు.
- వీడియో తీయడానికి ఫోను. స్టాండు లేకపోతే పుస్తకాల దొంతర.
- నోట్‌బుక్కు, పెన్సిలు. పెన్నొద్దు, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది.
- ఒక కుర్చీ, ఒక బల్ల, స్టీలు గ్లాసు, ఏవో కాగితాలు పెట్టిన ఫైలు.
- రోజుకు గంట చొప్పున ఓ వారం. అన్నీ ఒకే ఆదివారం కానిచ్చేద్దామంటే ఒక్కటీ ఒంటబట్టదు. నిజంగానే టైము లేకపోతే 1, 2, 4 మెట్లు మాత్రం చేయండి.
- ఒక చిన్న సీను.

సీను వెతుక్కోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. ఏడుపులు, అరుపులు ఉన్న పెద్ద డైలాగు తెచ్చుకుంటారు. అలాంటి చోట మాటలే సగం పని చేసేస్తాయి, మీరేం చేస్తున్నారో మీకు కనబడదు. అసలు విషయం ఎవరూ బయటికి అనని సీను కావాలి. ఇదిగో, ఇది వాడుకోండి:

తమ్ముడు: తలుపు తీసే ఉందేంటక్కా?
అక్క: నువ్వొస్తావని తెలుసుగా.
తమ్ముడు: బావ లేడా?
అక్క: పొలం వెళ్లారు. కాఫీ తాగుతావా?
తమ్ముడు: వద్దులే. కాగితాలు తెచ్చాను.
అక్క: పాలు కాచే ఉన్నాయి. రెండు నిమిషాలు.
తమ్ముడు: అక్కా, సంతకం పెట్టాలి.
అక్క: పంచదార వేయనా, మానేశావా?

నాన్న అక్కకు ఇచ్చిన అరెకరం మీద హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకోవడానికి తమ్ముడు వచ్చాడనుకోండి. తెలంగాణ వాళ్లయితే మాటలు మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా మార్చుకోండి. రాయలసీమ వాళ్లూ అంతే. సినిమాల్లో విన్న యాస మాత్రం పెట్టకండి.

1. మాటలు రాగం లేకుండా బట్టీ పట్టండి

మనవాళ్లకు పద్యనాటకం నుంచి వచ్చిన అలవాటొకటి ఉంది. డైలాగును అర్థంతో కాకుండా ట్యూనుతో గుర్తుపెట్టుకుంటాం. ఒకసారి ట్యూను కుదిరిందంటే ఎదుటివాళ్లు ఏం చేసినా మన వాక్యం అలాగే దిగుతుంది. పద్యానికి రాగం ప్రాణమే, కాదనను. ఈ సీనుకు మాత్రం అది పనికిరాదు.

అందుకని బట్టలు మడతపెడుతూనో, పప్పు ఏరుతూనో మాటలు అప్పజెప్పండి. ఎక్కడా నొక్కి పలకొద్దు. చేతి పని ఆగకుండా ఎనిమిది వాక్యాలూ వచ్చేస్తే మాటలు వచ్చినట్టే.

తర్వాత, ఏ పద్ధతీ పెట్టకుండా, మీకు తోచినట్టు ఒకసారి చేసి వీడియో తీయండి. దీనికి "ముందు" అని పేరు పెట్టి దాచండి. చూసుకుని సిగ్గేసినా డిలీట్ చేయొద్దు, చివర్లో దీంతో పని ఉంది. ఇకపై ఒక్కో మెట్టు చివరా సీనును ఒకసారి ఇలాగే వీడియో తీస్తూ ఉండండి.

2. పరిస్థితులు, కోరిక (స్టానిస్లావ్‌స్కీ)

రష్యా నటుడు, దర్శకుడు కాన్‌స్టాంటిన్ స్టానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్-డాన్‌చెంకోతో కలిసి 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ మొదలుపెట్టేనాటికి, స్టేజీ ముందుకొచ్చి ప్రేక్షకుల వైపు తిరిగి డైలాగు కొట్టడమే నటన. దానికి విరుగుడుగా ఆయన నటుడి చేతికి కొన్ని ప్రశ్నలిచ్చాడు. నోట్‌బుక్కులో వీటికి "నేను" అని మొదలుపెట్టి జవాబులు రాయండి:

- నేనెవర్ని? ఎక్కడున్నాను? టైమెంతయింది?
- ఈ సీనుకు సరిగ్గా అయిదు నిమిషాల ముందు ఏం చేస్తున్నాను?
- ఎదుటి మనిషి దగ్గర నాకేం కావాలి?
- అది దొరక్కపోతే నాకు పోయేదేమిటి?

అక్క పాత్రకు జవాబు ఇలా ఉండొచ్చు: "పొద్దున పదకొండయింది. రాత్రే ఫోన్ చేసి వస్తానన్నాడు. ఆయన ఉంటే మాట పెరుగుతుందని నేనే పొలం పంపించాను. సంతకం పెట్టేశానంటే వీడు మళ్లీ ఈ గడప తొక్కడేమో. వీణ్ని కాసేపైనా కూర్చోబెట్టాలి."

తమ్ముడిది: "ఆటో బయట ఆపి వచ్చాను. కూర్చుంటే చిన్నప్పటి కబుర్లు తీస్తుంది, నేను అడగలేను. నిలబడే పని ముగించుకుని పోవాలి."

ఇప్పుడు చూడండి, ఒకరు కూర్చోబెట్టాలి, ఇంకొకరు కూర్చోకూడదు. పొలం గొడవంతా ఒక కుర్చీ దగ్గరికి వచ్చేసింది. ఆడటానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎక్కువగా జరిగే తప్పు: కోరిక రాయమంటే మూడ్ రాస్తారు. "కోపంగా", "బాధతో", "ప్రేమగా" అని ఉంటే చెరిపేయండి. అది ఎదుటి మనిషి మీద చేసే పని అయి ఉండాలి: కూర్చోబెట్టాలి, ఒప్పించాలి, తప్పించుకోవాలి, సిగ్గుపడేలా చేయాలి, నవ్వించాలి. ఒక్కో వాక్యం పక్కన ఒక్కో పని పెన్సిలుతో రాయండి. పని మారిన చోట అడ్డగీత గీయండి. ఈ సీనులో నా లెక్కన "కాగితాలు తెచ్చాను" దగ్గర ఒక గీత, "అక్కా" అన్న పిలుపు దగ్గర ఇంకోటి. మీకు వేరేచోట అనిపిస్తే మీ గీతే పెట్టుకోండి.

ఇంకో తప్పు, పది పేజీల జీవిత చరిత్ర రాయడం. తమ్ముడు పదో తరగతిలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడో ఈ సీనుకు అక్కర్లేదు. ఒక పేజీ దాటితే ఆపేయండి.

3. చేతులకు పని (స్టానిస్లావ్‌స్కీ చివరి దశ)

ఆలోచించి ఆలోచించి నటులు బిగుసుకుపోతున్నారని స్టానిస్లావ్‌స్కీకే అనిపించింది. 1930ల్లో, జీవితం చివరి ఏళ్లలో, ఆయన దారి మార్చాడు. బల్ల చుట్టూ కూర్చుని నెలల తరబడి చర్చించడం తగ్గించి, ముందు లేచి పనులు చేయండి, మనసు వెనకే వస్తుంది అన్నాడు.

మాటల్లేకుండా సీనంతా చేయండి. అక్క నిజంగా గ్లాసు కడగాలి, పోయాలి, తేవాలి. తమ్ముడు గడప దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి: చెప్పులు విడవాలా, వద్దా? విడిచాడంటే లోపలికొచ్చినట్టే. విడవకపోతే గడప దాటలేడు, అక్కణ్నుంచే మాట్లాడాలి. ఈ ఒక్క సంగతి తేల్చుకుంటే తమ్ముడు వేసేవాళ్లకు సగం పాత్ర దొరుకుతుంది.

జాగ్రత్త: పనులు అలంకారంగా పేర్చొద్దు. జుట్టు సర్దుకోవడం, కిటికీలోంచి చూడటం, నిట్టూర్చడం మీ కోరికకు ఉపయోగపడకపోతే తీసేయండి.

సరిచూసుకోవడం: వీడియో తీసి, సౌండు పూర్తిగా తగ్గించి, సీను తెలియని మనిషికి చూపించండి. "ఎవరికి ఏం కావాలి?" అని అడగండి. "ఆవిడ కూర్చోమంటోంది, అతనికి వెళ్లిపోవాలని ఉంది" అంటే పాసు. "ఇద్దరూ ఏదో బాధలో ఉన్నారు" అంటే రెండో మెట్టుకు వెళ్లండి.

4. వినడం (మైస్నర్)

మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ అవసరమైంది ఇదేనని నా నమ్మకం. మన స్టేజీ మీద సాధారణంగా ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. మొహం మాత్రం వింటున్నట్టే ఉంటుంది.

శాన్‌ఫర్డ్ మైస్నర్ 1931లో న్యూయార్క్‌లో మొదలైన గ్రూప్ థియేటర్ అనే నాటక బృందంలో నటుడు. 1935 నుంచి నైబర్‌హుడ్ ప్లేహౌస్ అనే నటనా పాఠశాలలో పాఠాలు చెప్పాడు. ఆయన కట్టిన రిపిటీషన్ అభ్యాసం చూడటానికి పిచ్చిగా ఉంటుంది. ఎదురెదురుగా కూర్చోండి. ఎదుటి మనిషిలో కంటికి కనబడిందేదో ఒకటి చెప్పండి. వాళ్లు దాన్నే తిప్పి చెబుతారు:

"చేతులు కట్టుకున్నావు."
"చేతులు కట్టుకున్నాను."
"చేతులు కట్టుకున్నావు."
"చేతులు కట్టుకున్నాను."

ఇలా సాగుతూనే ఉండాలి. కొత్తమాట మీరు కావాలని తేకూడదు. ఎదుట ఏదైనా మారినప్పుడు అదే వస్తుంది. వాళ్లకు నవ్వొచ్చిందనుకోండి, "నవ్వొచ్చింది నీకు." "నవ్వొచ్చింది నాకు." చిరాకు పడ్డారనుకోండి, "చిరాకుగా ఉంది నీకు." పది నిమిషాలు చేయండి. మొదటి మూడు నిమిషాలు సిగ్గుగా ఉంటుంది, తర్వాత బోరు కొడుతుంది. ఆ బోరు దాటాకే మాటల వెనక ఏదో కదలడం మొదలవుతుంది. అందాకా ఆపొద్దు.

తప్పులు:

- తెలివి చూపించడం. "నీ కళ్లలో ఏదో దాస్తున్నావు" లాంటి కవిత్వం వద్దు. "కళ్లు దించావు" చాలు.
- ప్రతిసారీ కొత్త గొంతుతో పలకడం. వెరైటీ మీరు తయారుచేయకూడదు, ఎదుటివాళ్ల నుంచి రావాలి.
- ఒంటి మీద, రంగు మీద, బరువు మీద వ్యాఖ్యలు. అవి అభ్యాసం కాదు, అవమానం. మొదలుపెట్టకముందే ఇద్దరూ మాట్లాడుకోండి. ఎవరు "ఆపు" అన్నా వెంటనే ఆగిపోవాలి.

పది నిమిషాలయ్యాక గ్యాప్ ఇవ్వకుండా నేరుగా సీనులోకి దిగండి.

సరిచూసుకోవడం: మీకు చెప్పకుండా తోడు ఒక మార్పు చేయాలి. "సంతకం పెట్టాలి" అన్నది ఒకసారి నవ్వుతూ, ఇంకోసారి దాదాపు వినబడకుండా అనమనండి. అప్పుడు "పంచదార వేయనా" అన్నది రెండుసార్లూ ఒకేలా వచ్చిందంటే మీరు వినడం లేదు.

తోడు దొరకనివాళ్లకు: ఎదుటి డైలాగులు ముందే రికార్డు చేసుకుని ప్లే చేయడం ఈ మెట్టుకు పనికిరాదు, రికార్డింగు మారదు కదా. ఇంట్లో ఎవరినైనా చదవమనండి. చదవడం రాని చిన్నపిల్లలైతే మరీ మంచిది, మాటలు నోటితో చెప్పిస్తే ప్రతిసారీ వేరేగా అంటారు. వీడియో కాల్ ఆఖరి దారి, అందులో ఆలస్యం వల్ల టైమింగ్ చెడుతుంది.

5. ఒంటితో కోరికను పట్టుకోవడం (మైఖేల్ చెహోవ్)

మైఖేల్ చెహోవ్, రచయిత ఆంటన్ చెహోవ్‌కు అన్నకొడుకు. స్టానిస్లావ్‌స్కీ దగ్గరే పెరిగిన నటుడు. కానీ సొంత జ్ఞాపకాలు తవ్వుకోవడం కంటే ఊహ మీద, శరీరం మీద ఆధారపడటం మేలని గురువుతో విభేదించాడు. 1928లో రష్యా వదిలి, ఇంగ్లండులో, తర్వాత అమెరికాలో పాఠాలు చెప్పాడు. "సైకలాజికల్ జెశ్చర్" ఆయనదే. పాత్ర కోరికను ఒకే ఒక్క పెద్ద కదలికగా మార్చడం అన్నమాట.

- గదిలో చోటు చేసుకోండి. మెడ, భుజాలు, మోకాళ్లు అయిదు నిమిషాలు వదులు చేయండి.
- కోరికను తోయడం, లాగడం, ఎత్తడం, అణచడం, కావలించుకోవడం, చింపడం లాంటి ఒక కదలికగా మార్చండి. అక్కది లాక్కోవడం, తమ్ముడిది తోసేయడం అనుకుందాం.
- అరికాళ్ల నుంచి వేళ్ల చివరిదాకా ఒళ్లంతా వాడి, నెమ్మదిగా ఆరేడు సార్లు చేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చుని నడుము పైభాగంతో చేసినా సరిపోతుంది.
- అదే కదలికను సగానికి తగ్గించండి. తర్వాత భుజాలకు. చివరికి బయటికేమీ కనబడకుండా లోపలే జరగనివ్వండి. ఆ స్థితిలో మొదటి వాక్యం అనండి.

"కాఫీ తాగుతావా?" అన్న మామూలు మాట అప్పుడెలా ఉంటుందో వినండి. గొంతు పెంచకుండానే బరువెక్కుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తగ్గించేటప్పుడు ఊపిరి బిగబడతారు. మొహం ఎర్రబడి, మెడ నరాలు తేలతాయి. దాన్ని తీవ్రత అనుకుంటారు, చూసేవాళ్లకు అది టెన్షన్‌గానే కనబడుతుంది. మాట్లాడేటప్పుడు ఊపిరి మామూలుగా ఆడుతోందో లేదో వీడియోలో చూసుకోండి.

6. జ్ఞాపకం (స్ట్రాస్‌బర్గ్): చేయకపోయినా ఫరవాలేదు

మెథడ్ అని లోకమంతా పిలిచేది లీ స్ట్రాస్‌బర్గ్ బోధనను. న్యూయార్క్‌లో 1947లో మొదలైన నటుల సాధనశాల యాక్టర్స్ స్టూడియోకు 1951 నుంచి 1982లో చనిపోయేదాకా ఆయనే సారథి. షూటింగ్ అయ్యేదాకా ఇంట్లోనూ పాత్రలాగే మాట్లాడటం, ప్రాణం మీదికి తెచ్చుకునేంతగా బరువు తగ్గడం ఇవన్నీ మెథడ్ అని మన ఇంటర్వ్యూల్లో చెబుతుంటారు. నిజానికి స్ట్రాస్‌బర్గ్ క్లాసులో మొదటి పాఠం కుర్చీలో కూర్చుని ఒళ్లు వదులు చేయడం. రెండోది లేని వస్తువును ఇంద్రియాలతో గుర్తుచేసుకోవడం. ఆ రెండూ ఇంట్లో నిక్షేపంగా చేయొచ్చు.

కళ్లు మూసుకుని, చేతిలో వేడి కాఫీ గ్లాసు ఉందనుకోండి. బరువెంత? వేడి ఏ వేలికి ముందు తగిలింది? అంచు పెదవికి తగిలితే ఎలా ఉంది? వాసన? "వేడిగా ఉన్నట్టు" మొహం పెట్టొద్దు, ఒక్కో ప్రశ్నకూ జవాబు దొరికేదాకా ఆగండి. రోజుకు పది నిమిషాలు. ఖాళీ గ్లాసుతో నటించాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇక సొంత జీవితంలోని బాధను తవ్వి తెచ్చుకునే ఎమోషనల్ మెమరీ దగ్గర హెచ్చరిక. కనీసం ఏడేళ్లు పాతబడిన జ్ఞాపకమే వాడాలనేవాడు స్ట్రాస్‌బర్గ్. ఈమధ్య పోయినవాళ్లను, మానని గాయాలను ముట్టుకోవద్దు. ఒంటరిగా గదిలో అసలే చేయొద్దు. డిప్రెషన్ గానీ, పానిక్ అటాక్స్ గానీ ఉన్నవాళ్లు ఈ భాగం వదిలేయండి, నష్టమేమీ లేదు. గ్రూప్ థియేటర్ నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్ వెళ్లి స్టానిస్లావ్‌స్కీ దగ్గర కొన్ని వారాలు పనిచేసి వచ్చి, ఆయన జ్ఞాపకం కంటే పరిస్థితులకూ పనులకూ ఊహకూ పెద్దపీట వేస్తున్నాడని గ్రూప్ థియేటర్‌లో అందరి ముందూ చెప్పింది. అక్కడి దర్శకుల్లో ఒకడైన స్ట్రాస్‌బర్గ్ ఒప్పుకోలేదు. ఆ గొడవ అక్కడ తెగనే లేదు. అంత పెద్దవాళ్లే తేల్చుకోలేని చోట మీరు ప్రమాదం లేని దారి పట్టుకోవడంలో తప్పులేదు.

7. పక్కకు జరిగి చూపించడం (బ్రెక్ట్)

పైవన్నీ పాత్రలోకి దిగే దారులు. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్ అడిగింది దీనికి ఎదురు: పాత్రలో మునిగిపోకుండా, ఆ మనిషి చేస్తున్నది జనానికి చూపించు. 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూశాక ఈ ఆలోచన ఆయనలో బాగా గట్టిపడింది. మనకిది కొత్తేం కాదు. బుర్రకథలో కథకుడు పాత్రగా ఏడ్చి, మరుక్షణం వంతల వైపు తిరిగి కథ చెబుతాడు, ఎవరికీ తికమక ఉండదు.

సాధన తేలిక. మీ వాక్యాలను మూడో మనిషి గురించి చెబుతున్నట్టు, జరిగిపోయినట్టు అనండి: "తమ్ముడు గడప దగ్గరే నిలబడ్డాడు. కాఫీ వద్దులే, కాగితాలు తెచ్చానన్నాడు. కూర్చోగలడు, కానీ కూర్చోలేదు." ఆ చివరి వాక్యం ముఖ్యం. పాత్ర చేయగలిగి కూడా చేయనిదాన్ని బయటికి చెప్పండి. తర్వాత మామూలుగా సీను చేస్తే ఆ ఎంపిక ఆటలో కనబడుతుంది.

వీధినాటకం చేసేవాళ్లకు, ఏడుపు సీనులో ఏడుపు ఆపుకోలేక మాట మింగేసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. సినిమా ఆడిషనుకు రిహార్సల్‌గా వాడండి, టేకులో వాడకండి.

8. వీడియోలు పక్కపక్కన పెట్టి చూడండి

రెండు నుంచి ఏడు దాకా ఒక్కో మెట్టు చివర ఒక్కో వీడియో తీసి ఉంటారు. ఒక రాత్రి గడిచాక "ముందు" వీడియోతో మొదలుపెట్టి వరుసగా చూడండి. అప్పుడే తీసి అప్పుడే చూసుకుంటే మీ మొహం తప్ప ఇంకేమీ కనబడదు.

ప్రతి టేకులోనూ ట్యూను ఒకటేలా ఉంటే మైస్నర్ అభ్యాసం రోజూ చేయండి. బాగానే ఉంది కానీ చప్పగా ఉంది, ఏం కావాలో తెలియడం లేదు అనిపిస్తే రెండో మెట్టులో రాసిన పనులు మార్చండి. "బతిమాలాలి" బదులు "ఇరికించాలి" అని పెట్టి చూడండి. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక వేలాడుతుంటే మూడో మెట్టు. గొంతు మాత్రమే నటిస్తూ ఒళ్లు చచ్చిపోయి ఉంటే చెహోవ్. భావం పొంగిపోయి మాట అర్థం కాకపోతే బ్రెక్ట్. రెండు లోపాలు కనబడితే ముందు వినడం మీద పనిచేయండి, రెండోది చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది.

ఏ వీడియో బాగుందో మీరొక్కరే తేల్చుకోవద్దు. సీను తెలియని ఇద్దరికి పేర్లు చెప్పకుండా చూపించి, "ఏది చూస్తుంటే తర్వాత ఏమవుతుందో అని అనిపించింది?" అని మాత్రం అడగండి. "ఎవరు బాగా చేశారు?" అని అడిగితే మొహమాటానికి జవాబు చెబుతారు.

చివరిగా, అదే ఆటను చోటును బట్టి సర్దుకోవాలి. ఆడిషన్ వీడియోకు ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టండి. వెలుగు మీ ఎదురుగా ఉండాలి. తోడును లెన్సుకు ఆనుకుని పక్కనే కూర్చోబెడితే మీ చూపు సరైన చోట పడుతుంది. వాళ్ల గొంతు మీకంటే తగ్గాలి. పరిషత్ స్టేజీ అయితే పైన వేలాడే మైకులు ఎక్కడున్నాయో ముందే చూసుకుని కుర్చీని వాటి కిందికి జరపండి. ఆ తర్వాత ఒక మనిషిని చివరి వరుసలో కూర్చోబెట్టి, "మానేశావా" అన్న చివరి మాట అక్కడిదాకా వినబడిందో లేదో అడగండి. వినబడకపోతే గొంతు పెంచకుండా, ఆ మాటను కాస్త నెమ్మదిగా, అక్షరం అక్షరం తెలిసేలా అనండి.